ఊరి వీరగల్లు ఊళ్ళోనే ఉండాలా, మ్యూజియానికి పోవాలా?

మూసీ గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి నల్గొండ జిల్లా. ఆరేళ్ళుగా పది పన్నెండు మందిమి కలిసి చిన్న చరిత్ర సంఘం నడుపుతున్నాం. ఇద్దరు రిటైరైన టీచర్లు, ఒక పోస్టుమాన్, ఒక ఫొటో స్టూడియో ఆయన, మిగతా వాళ్ళం చిన్నాచితకా ఉద్యోగులం. ఆదివారాలు బండ్లేసుకొని ఊళ్ళు తిరుగుతాం. వీరగల్లో (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), సతిశిలో (సహగమనం చేసిన స్త్రీ గుర్తుగా నిలిపింది), శాసనమో కనిపిస్తే ఫొటో తీసి, కొలిచి, రిజిస్టరులో ఎక్కిస్తాం.

ఇప్పుడు సంఘంలోనే పేచీ వచ్చింది. ఒక ఊరి చెరువు కట్ట కింద మనిషెత్తు వీరగల్లు ఉంది. వీరుడి ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో డాలు. పైన ఇద్దరు అప్సరసలు ఆయన్ను స్వర్గానికి తీసుకుపోతున్నట్టు చెక్కారు. అడుగున రెండు వరుసల అక్షరాలున్నాయి గానీ సున్నం కింద మూసుకుపోయాయి. ఆ పక్కనే రోడ్డు వెడల్పు పని నడుస్తోంది. జేసీబీ రాయికి నాలుగు గజాల దాకా వచ్చేసింది. సంఘంలో సగం మంది జిల్లా మ్యూజియానికి తరలిద్దామంటున్నారు. మిగతా సగం, ఊరి రాయిని ఊరు దాటించే హక్కు మనకెక్కడిదని అడుగుతున్నారు.

నేను తరలించాలనే వైపే ఉన్నాను. కారణం చెప్తాను. రెండేళ్ళ కింద ఇలాగే ఒక సతిశిలను చూసి, వచ్చే వారం వద్దాంలే అని వదిలేశాం. మళ్ళీ వెళ్ళేసరికి అది కల్వర్టు పునాదిలో సగం ముక్కై ఉంది. ఆ రోజు మా పెద్ద మాష్టారు ఆ కల్వర్టు మీద కూచుని చాలాసేపటి దాకా లేవలేదు. అది నాకు ఇంకా కళ్ళల్లోనే ఉంది. మీరేమంటారు?

కృష్ణ కరకట్ట

తరలించొద్దండీ. మాది గుంటూరు వైపు, అమరావతి దగ్గర. ఊరు దాటిన రాయి సంగతి మాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదేమో. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలంలో ఇక్కడి బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వి రాళ్ళు కట్టడాలకు వాడుకున్నారు. పాలరాయిలాంటి ఆ సున్నపురాతిని కాల్చి సున్నం చేసుకున్నదీ ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే తెల్లదొర తవ్వించిన శిల్పాలు ముందు మద్రాసు చేరాయి, తర్వాత వాటిలో చాలా భాగం లండన్ వెళ్ళింది. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో నూట ఇరవైకి పైగా అమరావతి శిల్పాలున్నాయి. చెన్నై ఎగ్మూరులో ఇంకా ఉన్నాయి. మా పిల్లల్ని స్తూపం దగ్గరికి తీసుకెళ్తే, "ఫొటోలో ఉన్న బొమ్మలేవి నాన్నా" అని అడుగుతారు. నేను వేలితో గడ్డి దిబ్బ చూపిస్తాను.

వాటిని పట్టుకెళ్ళిన వాళ్ళూ అప్పట్లో మీరన్న మాటే అన్నారు. ఇక్కడుంటే పాడైపోతాయి అని.

ఆలంపురం దారి

అయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ రెండు సంగతులూ ఒకే గాటన కట్టకండి. సముద్రం దాటించడం వేరు, ముంపు నుంచి తప్పించడం వేరు. శ్రీశైలం ప్రాజెక్టు కడుతున్నప్పుడు కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లి సంగమేశ్వరాలయం నీళ్ళ పాలయ్యేదే. రాయి రాయికీ నంబరు వేసి విప్పి, ఆలంపురం తెచ్చి మళ్ళీ పేర్చారు. పాపనాశి గుళ్ళనూ అలాగే లేపారు. ఆ రాళ్ళ మీద చెయ్యి వేసి చూసే భాగ్యం నాకు దక్కిందంటే తరలించబట్టే. నాగార్జునకొండలోనూ అంతే. 1954 నుంచి 60 దాకా ఆదరాబాదరాగా తవ్వి, తీయగలిగినవి తీసి, నాగార్జునసాగర్ జలాశయం మధ్య మిగిలిన కొండ మీద, ఈ ఒడ్డున అనుపులో నిలబెట్టారు. తీయలేనివి అడుగునే ఉండిపోయాయి.

ఇంకో సంగమేశ్వరం ఉంది, ఆత్మకూరు వైపు, వేప లింగం ఉన్న గుడి. దాన్ని కదల్చలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే. ఎండాకాలం నీళ్ళు తగ్గాక ముందు శిఖరం తేలుతుంది, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి. జనం పడవల మీద వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తారు. నేనూ ప్రతి ఏడూ వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ గోడలు నిరుటి కంటే ఇంకాస్త అరిగినట్టే కనిపిస్తాయి.

జేసీబీ నాలుగు గజాల్లో ఉందంటున్నారు. ముందు రాయిని బతికించండి. హక్కుల సంగతి తర్వాత తేల్చుకోవచ్చు.

ఊరి చెరువు

అన్నా, మాది మీ పక్క మండలమే. మా చెరువు కట్ట కింద గూడ అసొంటి రాయే ఉంది. దాన్ని మేం వీరగల్లు అనం, పోతరాజు అంటం. బోనాలప్పుడు మా నాయనమ్మ ముందుగాల ఆడ్నే కల్లు సాక పోసేది, ఇప్పుడు మా అమ్మ పోస్తది. సున్నం ఏసింది ఖరాబు చెయ్యాలని గాదు. పండుగకు ఇల్లు అలికినట్టే దేవునికి సున్నం ఏస్తరు.

మీరు మంచోళ్ళే, గుస్స కాకుండ్రి. గని మీ అసొంటి సంఘాలోళ్ళు వస్తరు, ఫొటో తీస్కపోతరు, తెల్లారి పేపర్ల "వెలుగులోకి వచ్చిన అరుదైన శిల్పం" అని పడ్తది. అది మాకు ఎన్నడు చీకట్ల ఉండె? పేపర్ల మా ఊరి పేరుంటది, తీసినాయన పేరుంటది. సాక పోసిన మా అమ్మ పేరుండదు. ఇగ రాయిని గూడ తీస్కపోతమంటే, పండుగ నాడు ఆమె కల్లు ముంత పట్టుకొని మ్యూజియంకు టికెట్ కొనుక్కొని పోవాల్నా?

గోదారి లంక

ఊరి చెరువు తమ్ముడి మాటకి నాదో మాట. మా తూర్పు గోదావరి వైపు జైన తీర్థంకరుల రాతి బొమ్మల్ని "సన్యాసి దేవుడు" అంటారు. జైనం ఇక్కడినుంచి వెళ్ళిపోయి ఎన్ని వందల ఏళ్ళైందో! ఆ విగ్రహం ఎవరిదో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అయినా సన్యాసి దేవుడికి దణ్ణం పెడుతూ వచ్చారు కాబట్టే అవి బట్టలుతికే బండలు కాకుండా మిగిలాయి. పేరు మారిపోయినా పూజే వాటిని కాపాడింది.

ఆలంపురం దారి

కాపాడిందమ్మా, కాదనను. అదే పూజ పాడు చేసిన చోట్లూ చూశాను. ఎనామిల్ రంగులు పూసి శాసనం ఒక్క అక్షరం కూడా కనిపించకుండా చేసిన స్తంభాలున్నాయి. సిమెంటు గద్దె కట్టి శాసనం సగం అందులో కూరేసిన గుళ్ళున్నాయి. ఇక గుప్తనిధుల వాళ్ళ సంగతి. ఊరి చివర ఒంటరిగా నంది కనిపిస్తే చాలు, అమావాస్య రాత్రి వచ్చి దాని కిందే తవ్వుతారు. పొద్దున్నే వెళ్ళిన పూజారికి రెండు ముక్కలైన నంది కనిపిస్తుంది. మ్యూజియంలో తాళమన్నా ఉంటుంది కదా.

గుండ్లకమ్మ

తాళం సంగతికొస్తే మా చందవరం గురించి చెప్పాలి. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం ఉంది. తవ్వకాల్లో దొరికిన శిల్పాల్ని అక్కడే ఒక మ్యూజియంలో పెట్టారు. దొంగలు ఆ మ్యూజియంలోనే పడి ఎత్తుకుపోయారు. అందులో బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం ఒకటి చేతులు మారి ఆస్ట్రేలియా చేరింది. కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ దాన్ని 2005లో కొంది. అది మనదని తేలాక 2016లో తిరిగి ఇచ్చింది.

తేల్చడానికి అక్కరకొచ్చింది మన దేశంలో తీసిన పాత ఫొటో. తాళం దాన్ని ఆపలేదు, ఫొటో వెనక్కి రప్పించింది. మూసీ గట్టు గారూ, మీ రిజిస్టరూ మీ ఫొటోలూ చిన్న పని అనుకోకండి. రాయి ఎక్కడుండాలన్న తగువు కంటే నాకు అదే పెద్దది. నిలువుగా, అడ్డంగా, వెనకవైపు కూడా తీయండి. పక్కన స్కేలు పెట్టండి. పెచ్చులూడిన చోట్లు, పగుళ్ళు విడిగా తీయండి, గుర్తుపట్టేది వాటితోనే. వీటి ప్రతులు ఒక్కచోట కాకుండా నాలుగుచోట్ల దాచండి.

కోర్టు వరండా

చట్టం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రెండు ముక్కలు. మీ సంఘం మంచి మనసుతోనే అయినా ఆ రాయిని ట్రాలీలో వేసుకుని మీ గదిలో పెట్టుకుంటే చిక్కుల్లో పడతారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన రాతి శిల్పం పురావస్తువు, దాన్ని దగ్గర ఉంచుకునేవాళ్ళు రిజిస్టరు చేయించాలి. రేపు రోడ్డు తవ్వకంలో భూమిలోంచి ఏమన్నా బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే. ఆ పది రూపాయల లెక్క నూట నలభై ఏళ్ళ నాటిదే గానీ చట్టం ఇంకా చట్టమే. తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం కూడా ఉంది.

దారి ఏమిటంటే: గ్రామ పంచాయతీ చేత తీర్మానం చేయించండి. ఆ కాపీ, ఫొటోలు జతచేసి తహశీల్దారుకు, రోడ్డు పని చూసే ఇంజనీరుకు, వారసత్వ శాఖకు ఒకే రోజు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. రాతపూర్వకంగా కాగితం అందాక జేసీబీ నడిపేవాడు కూడా ఒకసారి ఆగుతాడు. నోటిమాటకు ఎవరూ ఆగరు.

పాత సంపుటాలు

నేను లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. మీ చర్చ చదువుతుంటే పాతవాళ్ళు గుర్తొచ్చారు.

1922లో హైదరాబాదులో ఒక పరిశోధక మండలి పుట్టింది. మరుసటి ఏడు చరిత్రకారులు కొమర్రాజు లక్ష్మణరావు గారు పోయాక ఆయన పేరు పెట్టుకుని లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. ఆదిరాజు వీరభద్రరావు గారి లాంటివాళ్ళు ఊళ్ళ వెంట తిరిగి శాసనాలకు నకళ్ళు పోగుచేశారు. అప్పుడు నిజాం రాజ్యం, తెలుగుకు సర్కారులో చోటు లేదు. ఆ రోజుల్లో 1935లో 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటం అచ్చు వేశారు. రెండోదానికి సంపాదకులు గడియారం రామకృష్ణశర్మ గారు, ఆలంపురం దారి గారి ఊరివారే. రాజమండ్రిలోనూ అదే 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి మొదలైంది.

వాళ్ళు రాళ్ళు పోగేసుకోలేదని కాదు. అసలు విలువ నకళ్ళకు ఉందని చెప్పడానికి ఇదంతా. అమరావతిలో కూడా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ 1797లో తొలిసారి చూసి, 1816లో మళ్ళీ మనుషుల్ని తెచ్చి బొమ్మలు గీయించాడు. అందులో కొన్ని రాళ్ళు ఈ రోజు లోకంలో ఎక్కడా లేవు, ఆ గీతలే ఉన్నాయి. కృష్ణ కరకట్ట గారూ, మీ పిల్లలకు గడ్డి దిబ్బతో పాటు ఆ గీతలూ చూపించండి.

రాయి నిలబడిన చోటు కూడా శాసనంలో భాగమే, చాలామంది ఇది మరిచిపోతారు. చెరువు కట్ట కింద వీరగల్లు ఉందంటే అక్కడ ఏదో జరిగింది. పశువుల దొంగలతో పోరాటమో, కట్ట తెగినప్పటి సంగతో. రాయిని మ్యూజియం వరండాలో నిలబెట్టి "వీరగల్లు, నల్గొండ జిల్లా" అని చీటీ కడితే ఆ ముక్క పోయినట్టే. కరీంనగర్ జిల్లా కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దం నాటి కంద పద్యాలున్నాయి. తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు అవి సాక్ష్యంగా నిలిచాయి. ఆ గుట్టను గ్రానైటు క్వారీ నుంచి కాపాడుకోవాల్సి వచ్చిందే గానీ, గుట్టను తీసుకుపోయి మ్యూజియంలో పెట్టలేం కదా.

మూసీ గట్టు

అందరికీ పేరుపేరునా దండాలు. మూడు రోజులుగా జవాబు రాయలేదు, ఊరికి పోయి వచ్చాం.

ఊరి చెరువు తమ్ముడు రాసింది చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆరేళ్ళలో మా రిజిస్టరులో రాయి పొడుగు, వెడల్పు, శైలి, శతాబ్దం రాశాం. ఆ రాయిని ఊళ్ళో ఏమని పిలుస్తారో, ఎవరు పూజ చేస్తారో అనే గడే లేదు. ఇది మా తప్పు. ఇప్పుడు ఆ రెండు గడులూ గీశాం.

ఊళ్ళో పెద్దమనుషులతో, ఆ రాయికి ఏటా బొట్టు పెట్టే ఇంటివాళ్ళతో కూర్చున్నాం. వాళ్ళు దాన్ని గట్టు మైసమ్మ తమ్ముడంటారు. మ్యూజియం మాట ఎత్తగానే ఒక ముసలమ్మ లేచి వెళ్ళిపోయింది. ఊళ్ళోనే చెరువుకు పైవైపు, రోడ్డు గీతకు అవతల నలభై అడుగులు జరిపి గద్దె కడితే ఎట్లుంటదని మా పోస్టుమాన్ అడిగాడు. అప్పుడు ఆమె మళ్ళీ వచ్చి కూర్చుంది. చెరువు వైపే మొహం ఉండాలంది. ఒప్పుకున్నాం. పంచాయతీ తీర్మానం అయింది. కోర్టు వరండా గారు చెప్పినట్టు మూడు చోట్లా కాగితాలిచ్చి రసీదులు తీసుకున్నాం. కంట్రాక్టరు పది రోజులు ఆగుతానన్నాడు. శాఖ నుంచి మనిషి వచ్చి చూసేదాకా రాయిని కదల్చం.

నేను తరలించాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆలంపురం దారి గారూ, ముంపు వస్తే మీ మాటే. ఇక్కడ మాత్రం నలభై అడుగులు చాలు.

ఆదివారం పొద్దున ఏడింటికి నకలు తీస్తున్నాం. ముందు సున్నం వదిలించాలి. నీళ్ళు చల్లి, నానబెట్టి, వెదురు పుల్లతో నెమ్మదిగా తీయాలి. ఆ ఇంటివాళ్ళ పూజ అయ్యాకే రాయి మీద చెయ్యి వేస్తాం. తర్వాత తడి కాగితం పరిచి బ్రష్‌తో అద్ది, మసి సిరా పూయడం. ఒక మూలన గీరి చూస్తే "స్వస్తిశ్రీ" వరకు కనిపించింది. రాగలిగినవాళ్ళు మెత్తటి బ్రష్షులు, పాత నూలు గుడ్డలు తెచ్చుకోండి. యాసిడ్, చింతపండు, ఇనుప బ్రష్షు ఎవరూ తేవద్దు.

ఊరి చెరువు

అన్నా, నేనొస్త. మా అమ్మను గూడ తోల్కస్త. మా పోతరాజు కింద గూడ అక్షరాలున్నై, ఇన్నేండ్లు గీతలనుకున్నం. నకలు ఎట్ల తీస్తరో చూసి నేర్చుకుంటం. కొబ్బరికాయ మేమే తెస్తం.