ప్రభువు బల్లకు దూరమైన మనిషికి ఎలా ధైర్యం చెప్పాలి?

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది సికింద్రాబాద్, మెట్టుగూడ. ఈ ఏడాది మా ఆయన ఉద్యోగం పోయింది, ఆ వెంటనే అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. ప్రార్థనకు వచ్చిన ఒక పెద్దాయన "మీ ఇంట్లో ఏదో దాచిన పాపం ఉందమ్మా, పరీక్షించుకోండి" అన్నారు. అప్పటి నుంచి మా ఆయన ప్రభువు బల్లలో (సంఘంలో యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) పాల్గొనడం లేదు. రాత్రిళ్లు నిద్ర లేకుండా చిన్నప్పటి తప్పులన్నీ తవ్వుకుంటూ కూర్చుంటున్నారు.

1 కొరింథీ 11:28లో పౌలు పరీక్షించుకోమన్న మాట నిజమే. కానీ పరీక్షించుకుని రొట్టె తినమన్నాడు, మానేయమనలేదు కదా! యోహాను 9లో పుట్టుగుడ్డివాడి విషయంలో వాడైనా, వాడి తల్లిదండ్రులైనా పాపం చేయలేదని యేసుప్రభువే చెప్పారు. ఇవన్నీ చెప్పి చూశాను, ఆయనకు ఎక్కడం లేదు.

139వ కీర్తన చివర దావీదు తనను పరిశోధించమని దేవుణ్ణే అడుగుతాడు. తనను తాను తవ్వుకోవడం వేరు, ఇది వేరు అనిపిస్తోంది. క్యాథలిక్‌లలో ఇగ్నేషియస్ లొయోలా అనే సెయింట్ నేర్పిన పద్ధతి ఒకటుంది: రాత్రి పూట, మొదట ఆ రోజు మేలులకు కృతజ్ఞత చెప్పి, ఆ తర్వాతే తప్పులు చూసుకుని క్షమాపణ అడగాలి. ఇంట్లో ఇద్దరూ కలిసి తెలుగులో ఇలా చేసేవాళ్లు ఉన్నారా? ఎలా మొదలుపెట్టారు?

ఇంకో మాట. నిద్ర కోసం డాక్టర్‌కు చూపించాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. అది విశ్వాసం లేకపోవడం కాదని ఆయనకు ఎలా చెప్పమంటారు?