హైదరాబాద్–డాలస్: టికెట్టు టైములు మా నాన్నకి కుదరట్లేదు

గోదావరిగట్టు:
నాన్న ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. రాజమండ్రి బస్టాండులో ఏ బండి ఎప్పుడు రావాలో ఇప్పటికీ నోటికి చెప్తారు. మే నెలలో అమ్మా ఆయనా డాలస్‌లో అక్క దగ్గరికి వెళ్తున్నారు. టికెట్టు ప్రింటు చేతికిచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఇదే గొడవ. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి బయల్దేరి, దుబాయ్‌లో 6:50కి దిగి, 9:00కి రెండోది ఎక్కి, అదే రోజు సాయంత్రం 4:00కి డాలస్. "11 గంటల 40 నిమిషాల్లో అమెరికానా? దూరం 14,400 కిలోమీటర్లు చూపిస్తోంది. 900 స్పీడేసుకున్నా 16 గంటలు. ఎవడ్రా ఈ షెడ్యూలు వేసింది?" అంటారు. టైము తేడా అంటే సరే అన్నారు గానీ కాగితం మీద వేసి చూపించాలట. పైగా దుబాయ్ మీదుగా చుట్టు తిప్పుతున్నారని అనుమానం. తిరుగు టికెట్లో డాలస్–దుబాయ్ పద్నాలుగున్నర గంటలే, వెళ్లేటప్పుడు 16. ఇది చూశాక అసలు ఊరుకోవట్లేదు.

లెక్కలమాస్టారు:
చేతివాచీ మన టైములోనే ఉంచుకోమనండి. 4:20కి ఎక్కారు, నాలుగు గంటలకి, అంటే 8:20కి, దుబాయ్. అక్కడ మనకంటే గంటన్నర వెనక, అందుకే 6:50. రెండో విమానం మన లెక్కలో 10:30కి. 16 గంటలు కలిపితే మర్నాడు తెల్లవారుజామున 2:30. మొత్తం 22 గంటల 10 నిమిషాలు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక కాబట్టి అక్కడింకా సాయంత్రం నాలుగే. నవంబర్లో వాళ్లు గడియారాలు మార్చాక తేడా పదకొండున్నర అవుతుంది.

దారంగ్లోబు:
గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి దారం లాగి చూపించండి, ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. ఆయన చూసిన 14,400 ఆ దారం పొడవు. దుబాయ్ వరకు 2,550, అక్కణ్నుంచి దాదాపు 12,900. చుట్టు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే. తిరుగు ప్రయాణం తగ్గడానికి కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ జోరుగా వీస్తుంది. పాపికొండలకి లాంచీ ఎదురెక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే టైము పడుతుందా అని అడగండి.

ఇర్వింగ్‌కోడలు:
లెక్కలు సరే, కాళ్ల సంగతి చూడండి. మా అత్తయ్యగారు 16 గంటలూ కదలకుండా కూర్చున్నారు, దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. నడవా పక్క సీటు తీసుకుని మధ్యమధ్య లేచి తిరగమనండి. అమ్మగారికి నడక కష్టమైతే వీల్‌చైర్ ముందే పెట్టించండి, దుబాయ్‌లో గేటు నుంచి గేటుకి చాలా దూరం. 4:00కి దిగారని అక్కయ్యగారు 4:10 నుంచి ఫోన్లు చెయ్యకూడదు, ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి గంటన్నర పట్టినా పట్టొచ్చు.

గోదావరిగట్టు:
అందరికీ థాంక్స్. లాంచీ మాటతో గాలి సంగతి ఒప్పుకున్నారు. 22:10 అని పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించారు. ఇప్పుడు దుబాయ్‌లో రెండు గంటల పది నిమిషాల హాల్టు ఎందుకట. టిఫినుకి పావుగంట చాలదా అంటున్నారు.