ఇంటి వెనక చెట్లు ఉంటాయా, పోతాయా? లౌడన్ కౌంటీ ప్లాన్ తెలిసినవాళ్లు చెప్పండి

డెక్‌మీదకాఫీ:

అందరికీ నమస్కారం. మేం వర్జీనియాలో లౌడన్ కౌంటీలో, రూట్ 50కి దక్షిణంగా ఆల్డీ వైపు ఉంటాం. 2021లో ఇల్లు కొన్నాం. ఆ లాట్‌కి బిల్డర్ అదనంగా ప్రీమియం అడిగినా కట్టాం. కారణం ఒక్కటే, వెనక చెట్లు. సేల్స్ ఆఫీసులో ఆవిడ మ్యాప్ పరిచి, "ఇదంతా ట్రాన్సిషన్ ఏరియా, అంటే ఊరికీ పొలాలకీ మధ్య ప్రాంతం, ఇక్కడ పెద్దగా ఏమీ రాదు" అని వేలు పెట్టి మరీ చూపించింది. మా నాన్నగారు వచ్చిన ఆరు నెలలూ డెక్ మీద కూర్చుని జింకల్ని లెక్కపెడుతూ గడిపేశారు.

రెండు వారాల కిందట ఆ చెట్లకి ఎవరో గులాబీ రంగు రిబ్బన్లు కట్టి వెళ్లారు. అప్పట్నుంచీ టెన్షన్. ఆ స్థలం ఓనర్ కౌంటీ ప్లాన్ మార్పించి టౌన్‌హౌస్‌లు కట్టించే ప్రయత్నంలో ఉన్నాడని పక్కింటాయన అంటున్నాడు. ఎంతవరకు నిజమో ఆయనకీ తెలీదు.

అసలు ఈ ప్లాన్ అనేది చట్టమా, ఉత్త కాగితమా? అందులో రాసింది మార్చేయొచ్చా? ఇంకో సంగతి, మేం ఇంకా హెచ్1బి వీసా మీదే ఉన్నాం. ఓటు లేనివాళ్లం వెళ్లి హియరింగ్‌లో, అంటే కౌంటీవాళ్లు జనం మాట వినే సభలో, మాట్లాడితే బాగోదేమోనని మా ఆవిడ అంటోంది.

పాతకాపు2009:

మీ సేల్స్ ఆవిడ అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది.

ప్లాన్ వేరు, జోనింగ్ వేరు. కౌంటీ వచ్చే ఇరవై ఏళ్లలో ఎటు పెరగాలి, ఎక్కడ ఒత్తుగా కట్టాలి, ఎక్కడ పొలాలు వదిలేయాలి అని ముందుచూపుతో రాసుకున్నది ప్లాన్. స్థలం ఓనర్ ఇవాళ ఏం కట్టుకోవచ్చో చెప్పేది జోనింగ్. చట్టం అదీ. ప్లాన్ మ్యాప్‌లో రంగు మారినంత మాత్రాన మర్నాడు బుల్డోజర్ రాదు. అలాగే రంగు పచ్చగా ఉన్నంత మాత్రాన చెట్లకి రక్షణా లేదు. జోనింగ్ ఒప్పుకునేదైతే హియరింగ్ లేకుండానే కట్టేస్తారు.

ఇప్పుడున్న ప్లాన్ కోసం 2016లో ఎన్విజన్ లౌడన్ అని మొదలుపెట్టారు. అది 2019 జూన్ 20న కౌంటీ బోర్డు, అంటే మనం ఎన్నుకునే సూపర్‌వైజర్ల ఓటుతో ముగిసింది. ఆ మూడేళ్లలో నేను నాలుగైదు మీటింగులకి వెళ్లాను. మొదటిసారి వెళ్లి నోరు విప్పకుండా వచ్చేశాను, సిగ్గు లేకుండా చెప్తున్నా. 2000లో 1,69,599 మంది ఉన్న కౌంటీ 2020కి 4,20,959 అయింది. ఆ పెరిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి "ఇంక ఎవరూ రావద్దు" అనడానికి నోరు రాలేదు.

ప్లాన్‌ని కనీసం ఐదేళ్లకోసారి ప్లానింగ్ కమిషన్ సమీక్షించాలని వర్జీనియా చట్టం. సమీక్షించాలి అంతే, మార్చి తీరాలని కాదు. మధ్యలో సవరణలూ వస్తుంటాయి. కమిషన్ సలహా ఇస్తుంది, నిర్ణయం మాత్రం బోర్డు తొమ్మిది మందిది.

మీరు ముందు చేయాల్సిన పని: కౌంటీ ఆన్‌లైన్ మ్యాప్‌లో ఆ వెనక స్థలం జోనింగ్ ఏమిటో చూడండి. టీఆర్-10 అని ఉంటే సుమారు పదెకరాలకు ఒక ఇల్లు లెక్క. టౌన్‌హౌస్‌లు కావాలంటే ఓనర్ రీజోనింగ్, అంటే జోనింగ్ మార్పు, అడగాలి. దానికి కమిషన్ దగ్గరా, తర్వాత బోర్డు దగ్గరా పబ్లిక్ హియరింగ్ ఉంటుంది, ఆనుకుని ఉన్న ఇళ్లకి ఉత్తరం వస్తుంది. ప్లాన్ సవరణ కబురు మాత్రం సాధారణంగా పేపర్ ప్రకటనలోనో కౌంటీ వెబ్‌సైట్‌లోనో ఉంటుంది, మన తలుపు తట్టి ఎవరూ చెప్పరు. ముందు అదే జారిపోతుంది. తీరా రీజోనింగ్ ఉత్తరం పట్టుకుని హియరింగ్‌కి పరిగెడితే, "ఇది ప్లాన్‌కి అనుగుణంగానే ఉంది" అని స్టాఫ్ రిపోర్టులో రాసి ఉంటుంది.

హెచ్1బి సంగతికి వస్తే, పేరూ, ఏ జిల్లాలో ఉంటారో అడుగుతారు గానీ పాస్‌పోర్ట్ అడగరు. ఆస్తి పన్ను కడుతున్నారు, వెళ్లి మాట్లాడండి.

విసుగెత్తినవాడు:

అన్నా, ఎంత చెప్పినా వింటారు, తలూపుతారు, చివరికి వాళ్లు అనుకున్నదానికే ఓటేస్తారు. ఆష్‌బర్న్‌లో ఇళ్ల పక్కన డేటా సెంటర్లు లేచినప్పుడు ఎంతమంది గగ్గోలు పెట్టలేదు? ఒరిగిందేముంది?

పాతకాపు2009:

తమ్ముడూ, ఆ గగ్గోలు వల్లే 2025 మార్చి 18న బోర్డు ప్లాన్‌నీ జోనింగ్‌నీ సవరించింది. అంతకుముందు కొన్ని జోన్లలో డేటా సెంటర్ కట్టడానికి బోర్డు ఓటే అక్కర్లేదు. ఇప్పుడు ప్రతి కొత్తదానికీ స్పెషల్ ఎక్సెప్షన్ అనే బోర్డు అనుమతి కావాలి, అంటే హియరింగ్ తప్పదు. ఆలస్యమైంది, కాదనను. డేటా సెంటర్ల కంప్యూటర్ సామగ్రి మీద వచ్చే పన్ను అంత తీపిగా ఉంటే ఎవరు త్వరపడతారు? 2025లో ఇంటి పన్ను 100 డాలర్ల విలువకి 80.5 సెంట్లకి దిగిందంటే అందులో ఆ డబ్బు చేయి ఉంది. దాన్ని మాత్రం ఎవరూ తిట్టలేదు.

రూట్9ప్రయాణం:

నాకు ఒక్క మాట అనాలనిపిస్తోంది, ఏమీ అనుకోకండి. టౌన్‌హౌస్‌లు అనగానే ఎందుకండీ అంత భయం? నేను లౌడన్‌లో డేకేర్‌లో పని చేస్తాను. అక్కడ ఇల్లు కొనలేక వెస్ట్ వర్జీనియా నుంచి రోజూ కొండ దాటి వస్తాను. చీకటితో బయల్దేరితే చీకటిపడ్డాకే ఇల్లు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు మాట్లాడుకుంటే నాలాంటివాళ్లు ఎక్కడుండాలి? ఒత్తుగా కట్టాల్సింది సిల్వర్ లైన్ మెట్రో రైలు స్టేషన్ల దగ్గరేనని ప్లాన్‌లోనే ఉంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడి ధరలు కూడా ఓసారి చూడండి.

డెక్‌మీదకాఫీ:

అక్కా, మీరన్నది గుచ్చుకుంది. మా టౌన్‌హౌస్ రోజులు మర్చిపోయినట్టున్నాను.

ఒక అప్‌డేట్. జోనింగ్ చూశాను, టీఆర్-10. రీజోనింగ్ దరఖాస్తు ఇంకా లేదు. రిబ్బన్ల గురించి ఫోన్ చేసి కనుక్కుంటే ఏదో పైప్‌లైన్ సర్వే అన్నారు. పక్కింటాయన మాట నమ్మి రెండు వారాలు నిద్ర పాడుచేసుకున్నాను.

పాతకాపు2009:

అంటే మీకు టైముంది, వాడుకోండి. ట్రాన్సిషన్ ఏరియాలో కొత్త ఇళ్లు వస్తే సగం స్థలం ఖాళీగా వదలాలన్నది 2019 ప్లాన్ విధానం. కాబట్టి రేపు దరఖాస్తు వస్తే "వద్దు" అని అరిచే బదులు, "ఆ సగం ఏ వైపు వదుల్తారు?" అని అడగండి. మీ కంచె వైపు చెట్లు వదిలేలా ప్రాఫర్‌లో రాయించండి. ప్రాఫర్ అంటే రీజోనింగ్ కోసం ఓనర్ రాతపూర్వకంగా ఇచ్చే మాట. స్థలం చేతులు మారినా అది స్థలంతోనే పోతుంది. సేల్స్ ఆఫీసులో వేలు పెట్టి చూపించిన మాటలా కాదు.

అన్నట్టు, మీ కమ్యూనిటీ కూడా రీజోనింగ్‌తోనే వచ్చి ఉంటుంది. దాని ప్రాఫర్లు తీసి చదివారా?

డెక్‌మీదకాఫీ:

నిన్న రాత్రి చదివాను. కంచె నుంచి 50 అడుగుల దాకా చెట్లు మా ఇళ్ల ఓనర్ల అసోసియేషన్‌వేనట, కొట్టకూడదని రాసి ఉంది! నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటూ తెలీదు. మిగతాది పక్క స్థలం.

మా జిల్లా సూపర్‌వైజర్‌కి చిన్న ఉత్తరం రాశాను, ప్లాన్ సమీక్షలో ఆ అంచు సంగతి గుర్తుంచుకోమని. మొదటి వాక్యం కాస్త కోపంగా వచ్చింది. ఉంచనా, తీసేయనా?

పాతకాపు2009:

తీసేసి, ఆ చోట ఆ స్థలం పార్సెల్ నంబర్ (కౌంటీ రికార్డుల్లో దాని నంబర్) రాయండి.