శుభలేఖల పనికి ఎక్స్‌పీనే నయమనిపిస్తోంది: ఇది మొండితనమా, అవసరమా?

శుభలేఖల దుకాణం, పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారి కాలం నుంచి చిన్న అచ్చు దుకాణం నడుపుతున్నాము. శుభలేఖలు, గృహప్రవేశం పిలుపులు, పెద్దకర్మ కార్డులు, బిల్లు పుస్తకాలు వేస్తాము. సరిహద్దు ఊరు కావడం వల్ల మా దగ్గరకు వచ్చే శుభలేఖల్లో చాలావాటికి ఒక వైపు తెలుగు, రెండో వైపు ఒడియా ఉండాలి. ఈ పనంతా 2004లో కొన్న కంప్యూటరు మీద, విండోస్ ఎక్స్‌పీ అనే పాత విండోస్‌లో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాముతో సాగుతోంది. తెలుగు అక్షరాల ప్యాకేజీకి లాకు అనే చిన్న పరికరం ఒకటి ఉంది. అది కంప్యూటరు వెనుక తగిలించి ఉంటే తప్ప కీబోర్డు తెలుగులోకి మారదు.

గత నెలలో మా అబ్బాయి పోరు పడలేక కొత్త కంప్యూటరు కొన్నాను. అందులో విండోస్ 11 ఉంది. పది రోజులు దానితో కుస్తీ పట్టి, పెళ్లిళ్ల తరుణం ముంచుకొస్తుంటే, మళ్లీ పాతదాని ముందే వచ్చి కూర్చున్నాను. పేజ్‌మేకర్ అయితే ఎక్కింది గాని లాకును అది గుర్తించడం లేదు. కొత్త పెట్టెకు ఆ లాకు పట్టే పోర్టు లేదని, అమ్మిన దుకాణం వారే యూఎస్‌బీకి మార్చే తీగ ఒకటి ఇచ్చారు. అది తగిలించినా ఫలితం లేదు.

నా దగ్గర మూడు వేలకు పైగా పాత ఫైళ్లు ఉన్నాయి. “పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డే రెండో అమ్మాయికీ వేయండి, పేర్లు, ముహూర్తం మార్చితే చాలు” అంటూ ఏడెనిమిదేళ్ల తరువాత వచ్చేవారు ఉంటారు. పాత యంత్రంలో అది పావుగంట పని. కొత్తదానిలో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తున్నాయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే భద్రతా సవరణలు ఆగిపోయాయని నాకు తెలియక కాదు. అయినా నా పని దానిలోనే సాగుతోంది. మీలో ఎవరైనా ఇలా పాతదాన్నే పట్టుకొని ఉన్నారా? ఇది నా అలవాటు వల్ల కలిగిన భ్రమా, లేక దీనికి నిజమైన కారణం ఉందా?

యంత్రాల మరమ్మతు, బరంపురం:

మీ ఇబ్బందిలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీస్తే దారి కనిపిస్తుంది.

మొదటిది లాకు. పేజ్‌మేకర్ 7 అనేది 32 బిట్ల ప్రోగ్రాము, అంటే పాత పద్ధతిది. మీ కొత్త విండోస్ 64 బిట్లది. 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి కాబట్టి అది ఎక్కింది. లాకు సంగతి వేరు. దానితో మాట్లాడే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము విండోస్ లోపలి పొరలో కూర్చొని పనిచేయాలి, ఆ పొరలోకి 64 బిట్ల విండోస్ 32 బిట్ల డ్రైవరును రానివ్వదు. విండోస్ 10 వరకు 32 బిట్ల కూర్పు కూడా దొరికేది. విండోస్ 11కు అసలు అటువంటి కూర్పే లేదు. ఆ ప్యాకేజీ తయారుచేసినవారు కొత్త డ్రైవరు ఇస్తే తప్ప మీరు ఎన్ని రోజులు కూర్చున్నా అది కదలదు. ఇక ఆ మార్పిడి తీగ ప్రింటర్ల కోసం చేసినది. ప్రింటరుకు పంపిన అక్షరాలను మోసుకుపోవడమే దానికి తెలుసు. లాకు మాత్రం పోర్టులోని ఒక్కొక్క తీగను నేరుగా తడిమి చూస్తుంది. మీకు దాన్ని అమ్మినవారు ఈ తేడా ఆలోచించి ఉండరు. తిరిగి ఇచ్చేయండి.

రెండవది ఆ పిచ్చి గీతలు. మీ పాత ఫైళ్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన 256 గదుల్లో తెలుగు తలకట్లను, గుడులను, వత్తులను ముక్కలుగా సర్ది పెట్టిన ఫాంటు అది. ఫాంటు ఉన్నంతసేపు కంటికి తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు లేకపోతే లోపలి ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. కాబట్టి పాత ఫాంటు ఫైళ్లను కొత్త యంత్రంలోకి నకలు చేసుకుంటే చాలావరకు చూడగలరు, ముద్రించగలరు. లాకు లేకుండా కొత్తగా టైపు చేయడం మాత్రం కుదరదు.

మూడవది భద్రత. ఇక్కడ మీతో ఏకీభవించలేను. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరసు దాడి మొదలైనప్పుడు, అప్పటికి మూడేళ్లుగా సవరణలు ఆపేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్టు ప్రత్యేకంగా ఒక సవరణ విడుదల చేయవలసి వచ్చింది. పాత విండోస్‌లలో ఫైళ్లు పంచుకునే పద్ధతిలో ఉన్న లోపం గుండా అది ఒక కంప్యూటరు నుంచి మరొకదానికి తనంతట తానే పాకింది. ఈ కబురు విన్నవారు కూడా “మా దుకాణానికి ఎవడొస్తాడు” అంటారు. మీ దుకాణానికి వచ్చేది పెన్‌డ్రైవు. వరుడి ఫొటో అనో, దేవుడి బొమ్మ అనో చెప్పి ఎవరో ఇస్తారు, మీరు పెడతారు. పెన్‌డ్రైవు పెట్టగానే అందులోని ప్రోగ్రాము తనంతట నడిచే ఏర్పాటును ఎక్స్‌పీలో 2011 ఫిబ్రవరి నాటి సవరణతో గాని కట్టడి చేయలేదు. మీ యంత్రంలో ఆ సవరణ ఉందో లేదో చూసుకున్నారా?

నా సలహా ఇది. పాత యంత్రానికి నెట్ తీగ పీకేయండి, వైఫై ముక్క ఉంటే తీసేయండి. పెన్‌డ్రైవు ఏదైనా ముందు కొత్త యంత్రంలో పరీక్షించి, తరువాతే పాతదానికి పెట్టండి. అన్నిటికంటే ముందు పాత హార్డు డిస్కుకు పూర్తి ప్రతిబింబం, అంటే ఉన్నది ఉన్నట్టు నకలు, తీయించండి. ఇరవై ఏళ్ల డిస్కు ఇన్నాళ్లు తిరగడమే గొప్ప. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపానులప్పుడు తడిసిన యంత్రాలను బల్ల మీద పేర్చుకొని కూర్చున్నవాణ్ణి నేను. వాటిలో చాలావాటికి నకలు ఉండేది కాదు.

పాత పద్దులు, జయపురం:

బరంపురం వారు చెప్పినది సాంకేతికంగా సరైనదే కావచ్చు గాని, కొత్తదానికి మారమనే ప్రతి మాట వెనుక ఉన్న ఖర్చును వారు లెక్కలోకి తీసుకోలేదు. నాకు కోరాపుట్ జిల్లా జయపురంలో బియ్యం టోకు వ్యాపారం ఉంది. మా బిల్లింగు ప్రోగ్రాము విండోస్‌కు ముందు వాడిన డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రోలో రాసినది. రాసినాయన ఇప్పుడు ఈ వృత్తిలో లేరు. అది 16 బిట్లది, 64 బిట్ల విండోస్ దాన్ని అసలే ఒప్పుకోదు. అందువల్ల మేము 32 బిట్ల విండోస్ 7లో ఉండిపోయాము. ఆ విండోస్ 7కూ 2020 జనవరి 14తో మద్దతు ముగిసింది, 2023 నుంచి క్రోమ్ కొత్త కూర్పులు దానిలో ఎక్కడం లేదు. మా గుమాస్తా మౌస్ ముట్టకుండా, తెర వైపు చూడకుండా, కస్టమరుతో మాట్లాడుతూనే బిల్లు కొట్టేస్తాడు. కార్బను పెట్టి మూడు ప్రతులు తీసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు గరగరమంటూ పని ముగిస్తుంది. ఆయనకు కొత్త ప్రోగ్రాము ఇస్తే మూడు నెలలు మా కౌంటరు ముందు వరస పెరుగుతుంది.

ఇక ఇష్టాయిష్టాల సంగతి. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్టు బటనునే తీసేశారు. జనం గోల పెడితే 8.1లో బటను తిరిగి వచ్చింది, అసలు మెనూ కోసం 2015లో విండోస్ 10 వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. విండోస్ 11లో దాన్ని తెర మధ్యకు జరిపారు. మా ఇంట్లో 2016లో కొన్న కంప్యూటరు చక్కగా పనిచేస్తోంది, దానిలో విండోస్ 10 ఉంది. దానికి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు అయిపోయింది. విండోస్ 11కు మారుదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలని, ఇంటెల్ ప్రాసెసరు కనీసం 8వ తరంది కావాలని నియమం. మాది 6వ తరం. బాగున్న వస్తువును బాగాలేదని కాగితం మీద రాసినంత మాత్రాన అది పాడైపోతుందా? పర్లాకిమిడి మిత్రులు తమను తాము మొండివారనుకోవలసిన పని లేదు.

గుణుపురం మాస్టారు:

జయపురం వారి వాదన పద్దుల పుస్తకానికి సరిపోతుంది, ఎందుకంటే ఆ పద్దులు ఆ గదిలోనే పుట్టి ఆ గదిలోనే ఉంటాయి. శుభలేఖ మాటలు బయటి నుంచి వస్తాయి. అడిగినవారు ఒక విషయం చెప్పలేదు గాని, ఊహించగలను: ఈ రోజుల్లో పెళ్లివారు కార్డు మాటలను వాట్సాప్‌లో పంపుతారు కదా. అది యూనికోడ్ తెలుగు, యూనికోడ్ ఒడియా, అంటే ప్రతి లిపిలోని అక్షరానికీ తనదైన సంఖ్య ఉండే పద్ధతి. పేజ్‌మేకర్ 7కు యూనికోడ్ తెలియదు కాబట్టి, అందులో అతికిస్తే వరుసగా ప్రశ్నార్థకాలు వస్తాయి. అంటే మీరు ఫోను పక్కన పెట్టుకొని ఆ పేర్లన్నీ మళ్లీ టైపు చేస్తున్నారన్నమాట. ఇంటిపేర్లలో తప్పులు దొర్లేది అక్కడే.

ఒడియా సంగతి ఇంకా చెప్పుకోదగినది. ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉంది, ఒడియాకు ఏమీ లేదు. కళింగ ఫాంటు విండోస్ విస్టాతో గాని రాలేదు. అంటే మీరు మెచ్చుకునే ఆ పాత విండోస్‌కు మీ కార్డులో రెండో వైపు చదవడం రాదు. నేను పాఠశాలలో పనిచేసేటప్పుడు ఇక్కడి సవర పిల్లల కోసం వారి సోరా సొంపెంగ్ లిపిలో పట్టికలు వేయించాలని తిరిగాను. ఆ లిపిని 1936లో మాంగేయి గొమాంగో రూపొందించారు, యూనికోడ్‌లోకి చేరింది మాత్రం 2012లో. అంతకుముందు వచ్చిన విండోస్‌లో అది ఎలా ఉంటుంది? గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే ఉండి సవర భాష కోసం అంత శ్రమ పడ్డారు, ఆ ఊరి అచ్చు దుకాణంలో ఈ లిపి పలకకపోవడం నాకు వెలితిగా తోస్తుంది. ఇది కాస్త పక్కదారి పట్టిన మాట, మన్నించండి.

కొత్త కార్డులను కొత్త యంత్రంలో వేయడానికి పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6 ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. అది తెలుగు వత్తులను, ఒడియా యుక్తాక్షరాలను సరిగా కలుపుతుంది. మండలి, సూరన్న, మల్లన్న, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు కూడా ఉచితమే. అయితే శుభలేఖలకు అలవాటైన ఆ వంపుల అక్షరాలు, ఆ మెలికల శ్రీరస్తులు పాత ప్యాకేజీల్లో ఉన్నన్ని వీటిలో లేవని ఒప్పుకుంటాను. పాత ఫైళ్లను యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఉన్నాయి గాని, వాటి ఫలితాన్ని నమ్మి నేరుగా అచ్చుకు పంపకండి. వత్తుల దగ్గర అవి తడబడతాయి.

శుభలేఖల దుకాణం, పర్లాకిమిడి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు పట్టేశారు. నిన్ననే ఒక బాహాఘర (ఒడియా పెళ్లి) కార్డుకు ఒడియా మాటలు ఫోనులో వచ్చాయి, మా ఆవిడ చదువుతుంటే నేను కొట్టాను, అయినా మేనమామ పేరులో ఒక అక్షరం పోయింది. ప్రూఫులో దొరికింది కాబట్టి సరిపోయింది. ఇన్నేళ్లుగా దీన్ని ఫోను వల్ల వచ్చిన తంటా అనుకున్నాను గాని, యంత్రం వల్ల వచ్చినదని తోచలేదు.

పాత ఖాతాదారులు పాత కార్డు అడిగితే ఎక్స్‌పీలో, కొత్తగా వచ్చేవాటిని కొత్తదానిలో చేద్దామని నిర్ణయించుకున్నాను. నెట్ తీగ ఈ ఉదయమే తీసేశాను. ఆ మార్పిడి తీగ తిరిగి ఇవ్వబోతే దుకాణం వారు సగం డబ్బే ఇస్తామన్నారు, అది వేరే కథ. డిస్కు ప్రతిబింబం కోసం ఆదివారం బరంపురం వస్తాను. ఇంకొక చిన్న అనుమానం: ఈ పాత యంత్రం రోజూ ఉదయం తెరవగానే 2004 జనవరి 1 అని చూపుతోంది. తేదీ సరిచేసి పని మొదలుపెడుతున్నాను. దీనికీ లాకుకూ ఏమైనా సంబంధం ఉందా?

యంత్రాల మరమ్మతు, బరంపురం:

తేదీ తప్పడం లాకు వల్ల కాదు. మదర్‌బోర్డు మీద నాణెం ఆకారంలో ఉండే సీఆర్ 2032 సెల్లు అయిపోయింది. గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. కాని ఆ సెల్లు పూర్తిగా చచ్చిపోతే బయాస్‌లోని, అంటే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రాములోని, అమరికలన్నీ మొదటికి వస్తాయి, లాకు తగిలించిన ప్యారలల్ పోర్టు మోడ్, అంటే అది పనిచేసే తీరు, మారిపోవచ్చు, అప్పుడు లాకు పనిచేయక మీరు కంగారు పడతారు. కాబట్టి ఇప్పుడు లాకు పనిచేస్తుండగానే ఒకసారి బయాస్‌లోకి వెళ్లి, ఆ పోర్టు ఈపీపీలో ఉందో, ఈసీపీలో ఉందో, వేరే మోడ్‌లో ఉందో చూసి, ఒక కాగితం మీద రాసి పెట్టె లోపలి వైపు అతికించండి. తరువాతే సెల్లు మార్చండి. ఆదివారం వచ్చేటప్పుడు ఆ పాత డిస్కును తువాలులో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని తీసుకురండి. సామాను అరలో పెట్టకండి.