అక్కావాళ్లు మలావీకి సేవకు వెళ్తున్నారు, అక్కడ ఇల్లు, పిల్లలు, పండుగలు ఎలా ఉంటాయి?

నాగర్‌కర్నూల్_చెల్లి: అందరికీ వందనాలు. మా అక్క, బావ జనవరిలో ఆఫ్రికాలోని మలావీకి చర్చి సేవకు వెళ్తున్నారు, రాజధాని లిలాంగ్వే దగ్గర. పిల్లలకు ఆరేళ్లు, పదేళ్లు. తిండి, బడి, జబ్బులు, పండుగలు ఎలా ఉంటాయో ఉన్నవాళ్లు చెప్పండి. ప్రెషర్ కుక్కర్ రబ్బరు అక్కడ దొరుకుతుందా? పెళ్లయినా అక్క ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికే వచ్చేది. అమ్మ ఇప్పటి నుంచే ఏడుస్తోంది.

కల్వకుర్తి_పాస్టరమ్మ: చెల్లీ, మేం అక్కడ ఏడేళ్లు ఉన్నాం. కందిపప్పు మూటలు కట్టకండి. కంది అక్కడ మన పాలమూరులో లాగే పండుతుంది, నందోలో అంటారు. మన దేశమే వాళ్ల దగ్గర కొంటోంది. చింతపండు, ఇంగువ, పచ్చళ్లు పెట్టుకోండి. ప్లగ్గులకు మూడు చదరపు కాళ్లు ఉంటాయి, మన గుండ్రటి పిన్ను పట్టదు, అడాప్టర్లు కొనండి. న్సీమా అంటే మొక్కజొన్న పిండితో చేసేది, మన గట్క లాంటిదే. చేత్తో ముద్ద చేసుకుని ఆకుకూరతోనో చిన్న చేపలతోనో తింటారు. పిల్లలు వారంలో అలవాటు పడతారు.

జ్వరం వస్తే మాత్రం అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలి. మా చిన్నోడికి వస్తే మామూలు జ్వరమే అనుకుని ఒక్క రోజు ఆగాను. రాత్రికి వాడు నన్ను గుర్తుపట్టలేదు. బతికాడు, దేవుని దయ. పిల్లల్ని సరస్సులో కూడా దించకండి, నీటి నత్తల వల్ల బిల్హార్జియా అనే పురుగుల జబ్బు వస్తుంది.

దేవరకొండ_మనవరాలు: మా అమ్మమ్మ ఇక్కడి మిషన్ బంగళాలో ఆయా. దొరసానమ్మ పిల్లలు చదువుకు కొడైకెనాల్ పోయేవాళ్లు, నెలల తరబడి అక్కడే. పోయే ముందు వారం దొరసానమ్మ, అమ్మమ్మ వరండాలో చాప మీద కూర్చుని ప్రతి చొక్కాకూ, ప్రతి మేజోడుకూ లోపలి అంచున ఎర్ర దారంతో పేరు కుట్టేవాళ్లట. చిన్నపిల్ల తెలుగులోనే ఏడ్చేదట, "ఆయమ్మా, నన్ను పంపొద్దని చెప్పు" అని. దొరసానమ్మ లోపలికి పోయి తలుపేసుకునేది. మీ అక్కకు నేను చెప్పేది ఒక్కటే, పిల్లల్ని దూరం బడిలో వేయొద్దు.

పాలమూరు_చరిత్ర: ఈ మిషన్ల చరిత్ర మీద పదేళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నా. అందరూ అమెరికా దొరలే అనుకుంటారు, తప్పు. నల్లగొండలో 1890 ప్రాంతంలో మిషన్ పెట్టిన అబ్రహాం ఫ్రీజన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్, అంటే ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖవాడు. అమెరికా మెన్నోనైట్ బ్రెదరిన్ తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చింది 1899లో. కొడైకెనాల్ బడి 1901లో మొదలైంది. 1932లో షంషాబాద్‌లో పుట్టిన మిషనరీ బిడ్డ పాల్ హీబర్ట్ పెద్ద మానవశాస్త్రవేత్త అయ్యి మన పాలమూరు పల్లెనే పరిశోధించాడు. దూరం బడి వద్దని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా?

దేవరకొండ_మనవరాలు: తేదీలు మీరు చెప్పండి, కాదనను. ఆ ఎర్ర దారం పట్టుకున్నది మా అమ్మమ్మ.

కల్వకుర్తి_పాస్టరమ్మ: పండుగల సంగతి చెప్పనేలేదు. క్రిస్మస్‌కి అక్కడ వానాకాలం. గుడిలో కానుకలు పళ్లెంలో వేయరు, పాడుతూ, అడుగులేస్తూ ముందుకు తీసుకెళ్తారు. కోత పండుగకు ఆడవాళ్లు మొక్కజొన్న గంపలు నెత్తిన పెట్టుకుని వస్తారు, చూడటానికి రెండు కళ్లూ చాలవు. దసరా ముందు అక్కడి తెలుగు ఆడవాళ్లం ఐదారుగురం బతుకమ్మ కూడా పేర్చాం. తంగేడు లేదు, గునుగు లేదు. అప్పుడు జకరండా చెట్ల కింద ఊదా పూలు పరుచుకుని ఉంటాయి. అవే ఏరి పేర్చాం.

వనపర్తి_సంఘపెద్ద: పాస్టరమ్మ బతుకమ్మ ఆడటమా? పసుపు గౌరమ్మను పెట్టి మొక్కే పండుగ అది. సేవకని పంపిన సంఘానికి ఏం చెప్పారు?

కల్వకుర్తి_పాస్టరమ్మ: గౌరమ్మను పెట్టలేదు అయ్యగారూ. పూలు పేర్చి చప్పట్లు కొట్టి పాడుకున్నాం. ఏడాదిలో నాకు తెలుగు పాట వినిపించింది ఆ ఒక్క సాయంత్రమే.

నల్లగొండ_తంగేడు: నేను క్రైస్తవురాలిని కాను, అయినా రాస్తున్నా. గౌరమ్మ లేకుండా పూలు పేరిస్తే దాన్ని బతుకమ్మ అనకండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు మా అమ్మ ఉపవాసం ఉండేది. మీకు నచ్చిన సగం తీసుకుని మిగతాది వదిలేస్తే మాకు నొప్పిగా ఉంటుంది.

వనపర్తి_సంఘపెద్ద: చూశారా, వాళ్లే ఒప్పుకోవడం లేదు. నేనన్నదే నిజం.

జడ్చర్ల_నర్సు: సంఘపెద్దగారూ, మీరు ఎప్పుడైనా పరాయి దేశంలో ఒక్క నెల ఉన్నారా? ఇక్కడ మన దవాఖానలో పనిచేసిన దొరసానులు మనతో కింద కూర్చుని జొన్నరొట్టె తిన్నారు, మన పెళ్లిళ్లకు వచ్చారు. వాళ్లు వస్తే గొప్ప, మన ఆడపిల్ల పూలు పట్టుకుంటే తప్పా?

వనపర్తి_సంఘపెద్ద: రొట్టె తినడం వేరు, మొక్కడం వేరు. నా మాట వంకర చేయకండి.

నల్లగొండ_తంగేడు: పాస్టరమ్మ గారూ, నా మాట గుచ్చుకుంటే క్షమించండి. ఆ ఊదా పూల ఫొటో ఉంటే పెట్టండి, మా అమ్మకు చూపిస్తాను.

గద్వాల_అన్న: మా తమ్ముడు లిలాంగ్వేలోనే వ్యాపారం. అక్కడి పెళ్లిలో జనం డాన్స్ చేస్తూ పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల దగ్గరికి వచ్చి బుట్టలో చిన్న చిన్న నోట్లు వేస్తూనే ఉంటారట. పెరెకాని అంటారు. నోట్లు విడిపించుకోకుండా పోతే ఇబ్బంది. మీ అక్కకు చెప్పండి, పాస్టరు కుటుంబాన్ని ప్రతి పెళ్లికీ పిలుస్తారు.

నాగర్‌కర్నూల్_చెల్లి: అన్నీ అక్కకు చదివి వినిపించాను. మలేరియా మాట దగ్గర లేచి వెళ్లి నాలుగు దోమతెరలు రాసుకుంది. బడి గురించి బావ, అక్క రాత్రి పన్నెండు దాకా మాట్లాడుకున్నారు, పిల్లల్ని తమ దగ్గరే ఉంచుకుంటామన్నారు. దేవరకొండ అక్కా, మీ అమ్మమ్మ సంగతి విని మా అమ్మ ఎర్ర దారం తీసింది, పిల్లల స్వెట్టర్ల మీద తెలుగులో పేర్లు కుడుతోంది. కుక్కర్ రబ్బరు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. మూడు లీటర్లది, ఎన్ని పెట్టుకోమంటారు?