కాలిక్యులేటర్‌లో తప్పు ఎక్కడని అడిగితే సరిచేసిన కోడ్ ఇచ్చేయవచ్చా?

నీవా తీరం (చిత్తూరు): నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థినిని. మా మామిడి తోట లెక్కల కోసం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న కాలిక్యులేటర్ రాశాను. 5, 3 ఇచ్చి కూడమంటే 8కి బదులు 53 వస్తోంది. తీసివేతకు మాత్రం టైప్‌ఎర్రర్ (డేటా రకం కుదరలేదన్న సందేశం) చూపుతోంది. ఎక్కడ పొరబడ్డానో చెప్పగలరా?

అలిపిరి (తిరుపతి): పైథాన్ 3లో ఇన్‌పుట్ ఫంక్షన్ దేన్నయినా స్ట్రింగ్‌గానే, అంటే సంఖ్యగా కాక అక్షరాల వరుసగానే, తెస్తుంది. అందుకే కూడిక గుర్తు ఆ రెండింటినీ పక్కపక్కన అతికించింది. స్ట్రింగులకు తీసివేత లేదు గనుక అక్కడ ఆగిపోయింది. రెండు ఇన్‌పుట్‌లనూ ఇంట్‌తో పూర్ణసంఖ్యలుగా మార్చాలి. సరిచేసిన కోడ్ మొత్తం జతచేశాను, వాడుకోండి.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి): మొత్తం కోడ్ ఇవ్వడం ఆ అమ్మాయికి మేలు చేయడం కాదు. ఎర్రర్ చివరి వరుస చదవమని చెప్పి ఊరుకోవలసింది. పైగా ఇంట్ అన్న సలహాయే తప్పు. కాటా మీద 12.5 కిలోలు తూగిన రోజు అది వాల్యూఎర్రర్ (విలువ చెల్లదన్న సందేశం) ఇస్తుంది. దశాంశాలనూ తీసుకునే ఫ్లోట్ వాడాలి.

అలిపిరి: ఆమె ఇచ్చినవి 5, 3. వాటికి ఇంట్ చాలు. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, డబ్బు లెక్కలకైతే దశాంశాలను కచ్చితంగా లెక్కించే డెసిమల్ మాడ్యూల్ కావాలి.

బైరాగిపట్టెడ: ఇంట్, ఫ్లోట్ బదులు ఇవాల్ ఫంక్షన్ పెడితే ఒక్క వరుసలో అయిపోతుంది కదా.

స్వర్ణముఖి: దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఇవాల్ సంఖ్యలనే కాదు, టైప్ చేసిన ఏ ఎక్స్‌ప్రెషన్‌నైనా, ఫైలు చెరిపేదాన్ని కూడా, నడిపేస్తుంది. పైథాన్ 2లో ఇన్‌పుట్ అలాగే పనిచేసేది, 3లో మార్చారు. అలిపిరి గారూ, డెసిమల్ పేరుతో మీరు మాట దాటవేస్తున్నారు. వండి వడ్డిస్తే ఆమె నేర్చుకునేది ఎప్పుడు? నా దగ్గర పనిలో చేరిన ఇద్దరు కుర్రాళ్లు ఎక్కడో దొరికిన కోడ్ అతికించి, సున్నాతో భాగించవలసి వచ్చిన రోజు చేతులెత్తేశారు. తెల్లవార్లూ కూర్చుని దాన్ని సరిచేసింది నేను.

అలిపిరి: చదవమని చెప్పడం మీకు తేలిక. నేను ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. మొదటి ల్యాబ్‌లో మా అధ్యాపకుడు ‘ఎర్రర్ చదువు’ అని వెళ్లిపోతే, ‘అన్‌సపోర్టెడ్ ఆపరాండ్’ అన్న మాటకు అర్థం తెలియక గంటసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాను. తిరిగి వచ్చి, చదవడం కూడా రాదా అని అందరి ముందూ అన్నారు. పక్క బెంచీలోని అమ్మాయి తన కోడ్ చూపించకపోయి ఉంటే ఆ రోజే కోర్సు మానేసేవాణ్ణి.

స్వర్ణముఖి: నేను ఆంగ్ల మాధ్యమంలో చదివాను, ఈ అడ్డంకి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా దానికి విరుగుడు కోడ్ ఇవ్వడం కాదు, ఆ ఎర్రర్‌ను తెలుగులో విప్పి చెప్పడం.

అలిపిరి: ఆ పని చేసేవారు దొరికే దాకా నేను కోడ్ ఇస్తూనే ఉంటాను.

నీవా తీరం: అలిపిరి గారి కోడ్ నడిపాను, కూడిక సరిగ్గా వచ్చింది. 12.5 ఇస్తే స్వర్ణముఖి గారు చెప్పినట్టే ఆగిపోయింది. చివరి వరుసలో ‘ఇన్‌వాలిడ్ లిటరల్ ఫర్ ఇంట్’ అని ఉంది. ఇక్కడ ‘లిటరల్’ అంటే ఏమిటో తెలుగులో చెప్పగలరా?