పిలుపు వచ్చిన తమ్ముణ్ని వెంటనే పంపాలా, ముందు బైబిల్ కాలేజీకా?

తిరుచానూరు రోడ్డు: వందనాలు. మా సంఘంలో తమ్ముడికి 22 ఏళ్లు, బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. ఒడిశాలో కోరాపుట్ వైపు సేవకు పోవాలని గట్టి భారం. కమిటీలో సగంమంది ఇప్పుడే పంపుదాం అంటారు, సగంమంది కాలేజీ అంటారు.

పాకాల జంక్షన్: కాలేజీయే. డిగ్రీ అయినోళ్లకి సేరంపూర్ బీడీ, అంటే పాస్టర్ల వేదాంత డిగ్రీ, 4 ఏళ్లు. వాక్యం సరిగా ఉపదేశించడం రాకుండా పోయి ఏం చెప్తాడు?

గాజులమండ్యం: పౌలు డేరాలు కుట్టుకుంటానే సేవ చేసినాడన్నా. అక్కడ ముందు కావాల్సింది భాష. ఆఫీసులో ఒడియా, సంతలో దేశియా, కొండమీద ఇండ్లలో కువి. కువి మన తెలుగు మాదిరే ద్రావిడ భాష. మొదటి ఏడాది ప్రసంగం జోలికి పోకుండా రోజుకు పది మాటలు రాసుకొని, సాయంత్రం ఆ ఇంటి అవ్వకి అప్పజెప్తే వస్తాది. క్లాసులో రాదు.

చంద్రగిరి 83: దోమతెర మరవద్దు. అక్కడి మలేరియా మెదడుకెక్కే రకం.

పాకాల జంక్షన్: పౌలు ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు పాదాల దగ్గర చదివినాడు. అది చెప్పవే?

గాజులమండ్యం: గమలీయేలు బీడీ ఇచ్చినాడా?

పాకాల జంక్షన్: ఎకసెక్కాలు వద్దు. ఒడిశాలో 1967 నుంచీ మతమార్పిడి మీద చట్టం ఉండాది, మన దగ్గర లేదు. అక్కడ మతమార్పిడి జరిపించే పాస్టరు 15 రోజుల ముందు కలెక్టరుకి తెలపాల. జ్వరానికి మాత్ర ఇచ్చి అదే నోటితో ప్రార్థనకి రమ్మంటే, ఆశ చూపినాడని కేసు కడతారు. వైద్యం ఒక చోట, ఆరాధన ఇంకో చోట ఉండాల.

గాజులమండ్యం: ఇదంతా బీడీలో చెప్తారా? అసలు సంగతి నేను చెప్తా. వాడు చదువుకు పోతే 4 ఏళ్లు జీతం మాట ఎత్తే పనిలేదు. అందుకే కమిటీకి చదువు మీద అంత ప్రేమ.

పాకాల జంక్షన్: నోరు జాగ్రత్త. కరెంటు బిల్లు, పాస్టరుగారి జీతం పోతే కానుక సంచిలో ఏం మిగలతాదో తెలుసా?

పుత్తూరు: అమెరికాలో మనోళ్లు పంపరా?

పాకాల జంక్షన్: ఇండియా పాస్‌పోర్టు ఉండి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే సరే. అక్కడి పౌరసత్వం తీసుకున్నోళ్లు పంపితే అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాల. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ తీసుకొని మనకి ఇద్దామన్నా 2020 సవరణతో కుదరదు.

గాజులమండ్యం: 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు సొంత కానుకలతో మిషనరీ సంఘం పెట్టి, తర్వాత డోర్నకల్‌కి మనుషుల్ని పంపినారు. మనకి క్రిస్మస్ స్టేజీకి, సౌండుకి దొరికే డబ్బు వీడికి దొరకదా? అంతియొకయ సంఘం పౌలు మీద చేతులుంచి సేవకు పంపింది, చేతులు దులుపుకోలేదు.

తిరుచానూరు రోడ్డు: అన్నా, కొట్లాట ఆపండి. వాడి నర్సింగ్ రిజిస్ట్రేషన్ ఏపీది. అక్కడ చెల్లుతుందా?

గాజులమండ్యం: చెల్లదు. ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకొని ఒడిశా కౌన్సిల్‌లో నమోదు చేయించాల. డాక్టరుండే మిషన్ ఆసుపత్రిలో చేరడం మేలు. సొంతంగా మందులు రాస్తే దొంగ డాక్టరంటారు.

పాకాల జంక్షన్: అది నిజమే. ఎన్ఓసీ వచ్చేలోగా నెలకెంత పంపేది కమిటీ మినిట్స్‌లో రాయించండి. నోటిమాట వద్దు.